అద్దె ఎదురుచూపు

మందాకినికి పెళ్ళయిన పదకొండేళ్ళలో మొదటిసారి, ఆమె బెల్ కొట్టకముందే భర్త తలుపు తీశాడు.

మధురవాడలోని ఆ అద్దె ఇంట్లో పాలు పొంగించి అప్పటికి తొమ్మిది రోజులు. ఇల్లు మూడో అంతస్తులో ఉంది. ఆఫీసు నుంచి పది నిమిషాల నడక. ఆఖరి మెట్టు ఎక్కుతూ ఆమె సంచిలో తాళంచెవి వెతుక్కుంటోంది. ఇంతలో తలుపు తెరుచుకుంది. కామేశ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వేళ్ళకు గులాబీరంగు మైనం అంటుకుని ఉంది. ముఖం మాత్రం చుట్టం వచ్చినట్టు వెలిగిపోతోంది.

"వచ్చేశావా?"

"నేనొస్తున్నట్టు నీకెలా తెలిసింది?"

"ఏమో, కాళ్ళే లేచొచ్చాయి" అని నవ్వాడు కామేశ్.

అతను కట్టుడు పళ్ళు చేస్తాడు. ఆసుపత్రుల వాళ్ళు చిగుళ్ళ అచ్చులు పంపిస్తే ఇంట్లోనే బల్ల ముందు కూర్చుని మైనంలో పళ్ళు ఒక్కొక్కటిగా నిలబెడతాడు. తల వంచాడంటే ఇల్లు కూలినా ఎత్తడని అతని తల్లి అంటూ ఉండేది. గాజువాకలో ఉన్నన్నాళ్ళూ మందాకినికి తెలిసిన కామేశ్ ఆ వంచిన తలే. ఆమె పొద్దున ఆరున్నరకు బస్సెక్కేది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఎనిమిదికి పది నిమిషాలుందనగా ఇంటికి చేరి తన తాళంతో తనే తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేది. అతను తలెత్తకుండానే "అన్నం వేడిగా ఉంది" అనేవాడు.

ఇప్పుడు గుమ్మంలో నిలబడి ఎదురు వస్తున్నాడు. ఒకరోజు కాదు, రోజూ. నాలుగు గంటల ప్రయాణం తగ్గినందుకు ఆమె ఎంత సంతోషించిందో, ఐదూ నలభైకి తెరుచుకునే ఆ తలుపు చూసి అంతకు పదింతలు సంతోషించింది. సాయంత్రాలు నడిచి వస్తూ జడ సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఈ ఇళ్ళ మార్పిడి మందాకిని పనిచేసే నివాస పరిశోధన సంస్థ మొదలుపెట్టిందే. ఊరికి ఈ చివర ఉండి ఆ చివర పనిచేసేవాళ్ళను, ఆ చివర ఉండి ఈ చివర పనిచేసేవాళ్ళను వెతికి, ఒకరి అద్దె ఇంట్లోకి ఒకరిని పంపించడం. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మొదటి ఏడాది వెళ్ళినవాళ్ళలో సగం మంది మూడు నెలలకే వెనక్కి వచ్చేశారు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఏమోనండీ, ఆ ఇల్లు మాకు పడలేదు."

ఆ 'పడలేదు' అన్న మాట వెంటపడి నాలుగేళ్ళు పనిచేసింది మందాకిని. మనిషికి తన ఇల్లు కళ్ళతో కాదు, కాళ్ళతో తెలుస్తుంది. ఏ మూలకు వెళ్తే మెదడులో ఏ కణాలు మేలుకోవాలో ఏళ్ళ తరబడి నడిచాక స్థిరపడుతుంది. కొత్త ఇంట్లో అవి తడుముకుంటాయి. ఆ తడుములాటే దిగులు. అందుకని ఆమె నుదుటికి కట్టుకునే ఒక పట్టీ తయారుచేసింది. ఇల్లు వదిలేవాళ్ళు ఏడు రోజులు అది కట్టుకుని తమ పనులు తాము చేసుకోవాలి. తరవాత ఆ ఇంట్లోకి వచ్చేవాళ్ళు ఏడు మధ్యాహ్నాలు అదే పట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఎనిమిదోరోజు చీకట్లో లేచినా చెయ్యి నేరుగా స్విచ్ మీదికి వెళ్తుంది.

ఎనిమిది నెలలు తిరిగేసరికి రెండు వందల పన్నెండు కుటుంబాలు పట్టీ కట్టుకుని ఇళ్ళు మారాయి. ఒక్కరూ వెనక్కి రాలేదు. ముప్పై ఎనిమిదో మార్పిడి మందాకిని ఇంటిదే. మధురవాడ ఇంట్లో పైడిరాజు, నూకరత్నం అనే దంపతులు పద్నాలుగేళ్ళు అద్దెకున్నారు. పైడిరాజుకు గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీలో పని. తల్లి వైద్యం కోసం ఈ చివర ఉండేవాళ్ళు. ఆవిడ పోయాక ఇల్లు మార్చుకోవడానికి ముందుకొచ్చారు.

ఇంట్లో ఎక్కువసేపు ఉండేవాళ్ళ అలవాటు, కొత్తగా వచ్చి ఇంట్లో ఎక్కువసేపు ఉండేవాళ్ళకు ఇవ్వాలన్నది సంస్థ నియమం. ఆ లెక్కన రత్నం అలవాటు కామేశ్‌కు, కామేశ్ అలవాటు రత్నానికి వచ్చింది. ఇంట్లో తక్కువసేపు ఉండే పైడిరాజుది మందాకినికి వచ్చింది. అతనికి ఆ ఇంట్లో మంచం, టీవీ ముందు కుర్చీ, స్నానాల గది తప్ప ఇంకేమీ తెలియదు కాబోలు. ఎనిమిది నెలలైనా ఆమెకు పోపులపెట్టె ఎక్కడుందో అడగందే తెలిసేది కాదు. కామేశ్ మాత్రం పుట్టినప్పటినుంచీ అక్కడే తిరిగినవాడిలా తిరిగేవాడు.

సంవత్సరాంతపు సమావేశం దగ్గరపడింది. సంస్థ అధిపతి భానోజీరావు గారు, ఇచ్చిన అలవాట్లన్నిటినీ గంటల వారీగా గీతలుగా గీయించమన్నారు. గీతలు వచ్చాక మందాకినిని పిలిచి, తెర మీద ఒకదాన్ని చూపించారు.

"ఇదేంటమ్మా? పొద్దుటి నుంచీ పొయ్యి, కొళాయి, దండెం... అన్నీ చిన్న చిన్న గుట్టలు. సాయంత్రం ఇక్కడ మాత్రం సింహాచలం కొండంత లేచింది. చోటు చూస్తే గుమ్మం. గుమ్మంలో ఏం పని ఉంటుంది?"

మందాకిని సమయం చూసింది. ఐదూ నలభై. పైన అంకె చూసింది. ముప్పై ఎనిమిది. ఇచ్చినవారు: నూకరత్నం.

ఉక్కు ఫ్యాక్టరీలో నాలుగింటికి డ్యూటీ దిగిన మనిషి మధురవాడ చేరేసరికి ఎంతవుతుందో లెక్క కట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు. ఆ దారి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"సార్, మనం స్విచ్చులు, మెట్లు మాత్రమే వెళ్తాయనుకున్నాం" అంది మెల్లగా. "ఎదురుచూడటం కూడా వెళ్ళింది."

"ఎవరి కోసం?"

"ఆవిడ భర్త కోసం."

భానోజీరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పోనీలే. ఎదురుచూడటం రోగమేం కాదు కదా."

ఆ సాయంత్రం మందాకిని ఐదూ ఇరవై ఐదుకే బయల్దేరింది. మెట్లెక్కి రెండో అంతస్తులో గోడకు ఆనుకుని నిలబడింది. దొంగలా నిలబడ్డానని సిగ్గేసింది కానీ కదల్లేదు. సరిగ్గా ఐదూ నలభైకి పైన గడియ తీసిన చప్పుడైంది. కామేశ్ చెప్పుల చప్పుడు గుమ్మంలో ఆగింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. పెద్ద నిట్టూర్పు వినిపించింది. తలుపు మూసుకుంది.

ఆమె ఇంకో పావుగంట ఆగి పైకెళ్ళి బెల్ కొట్టింది. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టింది. లోపలి నుంచి "ఎవరూ?" అని విసుగ్గా వినిపించింది. కామేశ్ తలుపు తీసి, "ఓ, నువ్వా" అని మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళి తల వంచుకున్నాడు.

ఆ 'నువ్వా' ఆమెకు గుండెలో ముల్లులా దిగింది. ఎనిమిది నెలలుగా తను జడ సర్దుకుని మరీ అందుకున్న ఆ వెలుగు ఇంకొక ఆడదానిది. అది వెలిగింది ఇంకొక మగవాడి కోసం. మధ్యలో తను, దారి తప్పి వచ్చిన ఉత్తరాన్ని విప్పి చదువుకుని మురిసిపోయినట్టు.

ఆ రోజు నుంచి ఆమె కళ్ళకు ఇల్లంతా రత్నమే కనిపించింది. ఇళ్ళు మారిన రోజు ఒక్కసారి చూసింది ఆ మనిషిని. సన్నగా, చామనచాయగా, గ్యాస్ బండ తనే దొర్లించుకుంటూ వెళ్ళిన ఆవిడ. ముఖం సరిగ్గా గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడం ఇంకా మంట. కామేశ్ మధ్యాహ్నం వంటింటి గడప మీద కాలు చాపుకుని కూర్చుంటే, అలా కూర్చునేది ఆవిడేనా అనిపించేది. అతను బట్టలు మడతపెడుతూ ఏదో కూని రాగం తీస్తే గొంతు పట్టుకుని ఆపాలనిపించేది.

"ఆ పాట నీకెవరు నేర్పారు?" అంది ఒక ఆదివారం.

"పాటేంటి? ఊరికే ఏదో..."

"ఊరికే కాదు. ఆవిడదది. నీ కాళ్ళు ఆవిడవి, చేతులు ఆవిడవి. రోజూ సాయంత్రం నువ్వు తలుపు తీసేది పైడిరాజుకి."

కామేశ్ చేతిలోని చొక్కా పక్కన పెట్టాడు. ఆమె గీతల సంగతంతా చెప్పింది. మెట్ల కింద నిలబడిన సంగతి కూడా చెప్పింది. అతను ఆ చొక్కానే మళ్ళీ అందుకుని మడతపెట్టాడు.

"కాళ్ళు ఎవరివైతే ఏంటి మందా, తలుపు తీశాక నాకు కనపడేది నువ్వే కదా" అన్నాడు చివరికి.

"ఐదూ నలభైకి నేను కాకుండా పాలవాడు వచ్చినా అలాగే నవ్వుతావు."

"సరే. మరి నీ సంగతేంటి?" కామేశ్ గొంతు మొదటిసారి పెరిగింది. "లోపలికి రాగానే క్యారియర్ చాచి నా చేతిలో పెడతావు. నా మొహం వైపు చూడవు. నేరుగా వెళ్ళి ఆ కుర్చీలో కాళ్ళు జాపుకుంటావు. గాజువాకలో ఎంత అలసిపోయి వచ్చినా ఒకసారి నన్ను చూసేదానివి. ఇక్కడికొచ్చాక చూడటం లేదు. నేను నిన్నెప్పుడైనా అడిగానా, ఎవడిదే ఈ పొగరు అని?"

ఆమె తెల్లబోయింది. అది పైడిరాజు అలవాటని ఆమెకు అంతవరకు తట్టలేదు. కానీ కుళ్ళు పట్టిన మనసుకు న్యాయం ఎక్కుతుందా? "తుడిచేస్తాను" అంది. "రేపు ల్యాబుకి రా. ఇద్దరివీ తుడిచేస్తాను."

"నీకు మనశ్శాంతి కలుగుతుందంటే అలాగే కానీ."

మర్నాడు ఆమే స్వయంగా అతని నుదుటికి పట్టీ కట్టి, దాని మీట వెనక్కి తిప్పింది. గంటన్నర పట్టింది. కామేశ్ కళ్ళు మూసుకుని పడుకున్నాడు. మధ్యలో ఒకసారి అతని పాదాలు రెండూ మంచం మీద కదిలాయి, ఎటో నడవబోయినట్టు. తరవాత ఆగిపోయాయి. ఆమె తనది కూడా తుడుచుకుంది.

ఆ మర్నాడు ఐదూ నలభైకి తలుపు తెరుచుకోలేదు. మందాకిని బెల్ కొట్టింది. లోపల ఏదో కింద పడి పగిలింది. కామేశ్ వచ్చి తలుపు తీసేసరికి మోచేతికి రక్తం. "గోడ అక్కడుందనుకోలేదు" అన్నాడు. అన్నం మాడిపోయింది. అతను తన బల్లను గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు, రైల్లో పరాయివాళ్ళ మధ్య కూర్చున్న ప్రయాణికుడిలా. నవ్వు లేదు, కూని రాగం లేదు. రత్నం వెళ్ళిపోయింది. ఆమెతోపాటు ఆ ఇల్లు కూడా వెళ్ళిపోయింది.

"ఇప్పుడు బాగుందా?" అని అడిగాడు కామేశ్. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. ఆమె మాడిన గిన్నె తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్ళింది.

నాలుగు రోజుల తరవాత ఆఫీసుకు ఫోన్ వచ్చింది. అవతల పైడిరాజు.

"మేడమ్, మీరేటి పెట్టారో గానీ మా ఆడమనిషి బుర్రలో, అది తీసీయండి. ఎనిమిది నెల్లబట్టీ సూస్తన్నాను. నాను ఇంట్లో ఉండగానే రోజూ సాయంత్రం మేడెక్కీసి రోడ్డేపు సూస్తాది. ఎవుడి కోసమే అంటే తెల్దంటాది. ఈదిలో నలుగురూ అడుగుతన్నారు. నాను మొగోణ్ణి, ఎన్నాళ్ళని ఊరుకుంటాను?"

"ఎన్ని గంటలకు ఎక్కుతారు?" మందాకిని గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఏడూ నలభై అయితే సాలు, ఇంక ఆగదు. ఎనిమిది కొట్టేలోపు దిగిపోద్ది."

ఆమె ఫోన్ పెట్టేసి గాజువాక ఇంటి గీత తెరిచింది. ఇచ్చినవారు: కామేశ్. పగలంతా బల్ల దగ్గర ఒకే మట్టం. సాయంత్రం ఏడూ నలభైకి మేడ మీద, పిట్టగోడ దగ్గర, ఒక కొండ. రత్నం కొండ కన్నా ఎత్తయినది.

ఇంటికెళ్ళి కామేశ్‌ను అడిగింది. "గాజువాకలో రోజూ సాయంత్రం మేడ ఎక్కేవాడివా?"

కామేశ్ చెవులు ఎర్రబడ్డాయి. "బట్టలు తియ్యడానికి."

"వానాకాలం కూడానా?"

అతను చేతిలోని పన్ను అటూ ఇటూ తిప్పాడు. "నీ బస్సు మలుపు తిరగడం అక్కణ్ణుంచి కనిపిస్తుంది. నువ్వు దిగేదాకా ఉండి, కిందికొచ్చి కూర్చునేవాణ్ణి."

"పదకొండేళ్ళు! ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే రోజూ తలెత్తి చూడాలి నువ్వు. నవ్వాలి. రెండు గంటలు నిలబడి వచ్చే మనిషికి అదొక పని కాదూ?"

మందాకినికి ఏడుపు రావాలి. వచ్చింది మాత్రం కుళ్ళు. ఇంతకు ముందుదాని కన్నా పదింతలు. పదకొండేళ్ళు తన కోసం ఒక మనిషి మేడ మీద నిలబడితే అది తనకు తెలియదు. ఆ రత్నానికి తెలుసు. తను ఒక్కరోజు కూడా చూడని ఆ చూపు ఇప్పుడు ఆ ఆడమనిషి కళ్ళల్లో ఉంది.

మర్నాడు సాయంత్రం పట్టీ సంచిలో పెట్టుకుని, ఐదున్నరకు పాత బస్సే ఎక్కింది. తుడిచెయ్యాలి. నిర్ణయం అయిపోయింది. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, అదే రద్దీ, అవే చెమట వాసనలు. మలుపు దగ్గర బస్సు నెమ్మదించగానే, జీవితంలో మొదటిసారి కిటికీలోంచి తల వంచి పైకి చూసింది.

పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి ఒక మనిషి నిలబడి ఉంది. ఒళ్ళంతా ముందుకు వంచి, బస్సు ఆగేచోటు వైపే చూస్తోంది. వీధిదీపం వెలుగు ఆమె ముఖం మీద పడుతోంది.

మందాకిని బస్సు దిగింది. దిగి, తలెత్తింది.

పైనున్న రత్నం ముఖం ఒక్కసారిగా విప్పారింది. పెదవులు కాస్త తెరుచుకున్నాయి. భుజాలు దిగాయి. హమ్మయ్య, వచ్చింది, అన్నట్టు ఊపిరి వదిలింది. అంతే, గబుక్కున వెనక్కి తిరిగి మెట్లవైపు పరుగెత్తింది.

మందాకిని రోడ్డు మీదే నిలబడిపోయింది. తను దిగిన ప్రతి సాయంత్రమూ ఇదే జరిగిందన్నమాట. సంచి భుజాన సర్దుకుంటూ, కాళ్ళ నొప్పులు తలుచుకుంటూ, తల వంచుకుని దీని కిందినుంచే నడిచి వెళ్ళిందన్నమాట.

తలుపు తీసే ఉంది. రత్నం వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది, అప్పటిదాకా ఇంకేదీ ఎరగనట్టు. ముందు కూరగాయలేం లేవు. పైడిరాజు టీవీ ముందు నుంచి లేచి వచ్చాడు.

"వచ్చారా మేడమ్? ఏగిరం తీసీయండి."

"మీరు కాసేపు బయట ఉండండి. నేను ఆవిడతో మాట్లాడాలి" అంది మందాకిని. అతను గొణుక్కుంటూ చెప్పులేసుకున్నాడు.

రత్నం ఆమెను ఎగాదిగా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మ. మీరేటండీ ఆ మనిషి?"

"నేనే."

"ఎనిమిది నెల్లండి. బస్సొచ్చినప్పుడల్లా గుండె గొంతులోకొచ్చీసేది. ఎవులు దిగాలో తెల్దు. ఎవులూ దిగీవోరు కాదు. ఏడుపొచ్చీసేది. కిందకొచ్చి ఏదో పని సేస్తున్నట్టు కూకునీదాన్ని. ఎందుకు దాచాలో కూడా తెల్దు నాకు." ఆమె నవ్వబోయి ఆగింది. "ఒక మాట సెప్తాను, ఏటనుకోకండి. ఆ దిగాల్సిన మనిషంటే నాకు కుళ్ళండి. ఎవులో తెల్దు గానీ సెడ్డ కుళ్ళు."

"నా మీదా?"

"మరేటి? పద్నాలుగేళ్ళు నాను గుమ్మం కాడ నిలబడ్డాను. ఆయనొచ్చీవోడు, క్యారియరు నా సేతిలో ఎట్టీసి లోపలికెళ్ళిపోయీవోడు. మొగోళ్ళంతా ఇంతేననుకున్నాను. బాధ కూడా నేదు. మీ ఆయనది నాలోకొచ్చాక తెలిసింది, ఇలగ్గూడా ఉంటాదని. ఒక మొగోడు ఒక ఆడమనిషి కోసం ఇలగ సూస్తాడని. ఎవులో ఒక మారాణి ఉంది, దానికోసం సూస్తన్నాడు, నాకోసం ఎవులూ సూడనేదు..." ఆమె కత్తిపీట పక్కకు నెట్టేసింది.

మందాకిని సంచిలోంచి పట్టీ బయటికి తీసింది. చేతిలో పట్టుకుంది కానీ ముందుకు చాచలేకపోయింది. వస్తూ దారంతా ఏ మనిషిని తిట్టుకుందో ఆ మనిషి తనను మారాణి అంటోంది. రెండు వారాలుగా తను పడిన మంటే ఈమె ఎనిమిది నెలలుగా పడింది.

"ఇది తీసీసినాక, నాకు తెలిసిందన్న సంగతి కూడా పోద్దా?"

"లేదు. కాళ్ళు మర్చిపోతాయి. మీరు మర్చిపోరు."

"అయితే అది మరీ నరకమండి. పస్తున్నోడికి అన్నం వాసన సూపించినట్టు."

బయట బస్సు హారన్ వినిపించింది. ఇద్దరూ ఒకేసారి తలుపువైపు చూసి, ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంకో దారి ఉంది" అంది మందాకిని. తను ఏం చెప్పబోతోందో ఆమెకే నమ్మకం లేదు. "ఈ అలవాటు ఈ ఇంట్లోనే మేలుకుంటుంది. ఇల్లు దాటితే నిద్రపోతుంది. మీ ఇల్లు మీరు తీసుకోండి. మా ఇల్లు మాకిచ్చేయండి."

"మళ్ళీ రోజుకి నాలుగ్గంటలు బస్సులో పడతారా?"

"పడతాను."

"మా ఆయన కూడా పడాలి గదండీ." రత్నం మొదటిసారి నోరారా నవ్వింది. "పడనీండి."

"మరి ఇది?" మందాకిని పట్టీ చూపించింది.

"నాలోనే పడుకోనీండి మేడమ్. మీదేటి తగ్గిపోద్ది?"

తగ్గిపోతుందనే అనిపించింది మందాకినికి. తన భర్త ఎదురుచూపు ఒక పరాయి మనిషిలో ఎక్కడో పడుకుని ఉంటుందన్న ఊహ ఆ క్షణంలో కూడా గుచ్చుకుంది. అయినా పట్టీ మడిచి సంచిలో పెట్టేసింది.

సంస్థలో పెద్ద గొడవే అయింది. రెండు వందల పన్నెండు ఇళ్ళ వాళ్ళకూ, మీలోకి వచ్చింది దారులు మాత్రమే కాదని చెప్పాలని మందాకిని పట్టుబట్టింది. "కనిపెట్టిన మనిషివే ఇల్లు వదిలి వెనక్కి పోతే ఇక మనల్ని ఎవరు నమ్ముతారమ్మా?" అన్నారు భానోజీరావు గారు. కొత్తవాళ్ళను చేర్చుకోవడం ఆపేశారు. ఆమెను ఆ పని నుంచి తప్పించి వేరే గదికి మార్చారు. చెప్పాక కొందరు వచ్చి తుడిపించుకున్నారు. చాలామంది తుడిపించుకోలేదు. ఒకావిడ అయితే, "ఇప్పుడు తీసేస్తే మళ్ళీ మా ఇంట్లో మునుపటి మనిషే ఉంటాడు, వద్దు" అని ఫోన్ పెట్టేసింది.

నెల తిరిగేసరికి సామాన్లు మళ్ళీ లారీ ఎక్కాయి. వారం తరవాత రత్నం ఫోన్ చేసింది. "కాళ్ళు గుమ్మం కాడికి లాగతన్నాయండి. పట్టుకుని ఆపతన్నాను. ఆయనే బెల్లు కొట్టుకుని రానీండి. నిన్నయితే మూడు మార్లు కొట్టాడు. తలుపు తీస్తే నా మొహమేపే సూశాడు, ఒంట్లో బాగోలేదేటి అనీసి."

మందాకిని గాజువాక నుంచి మళ్ళీ ఆఫీసుకు వెళ్ళిన మొదటిరోజు సాయంత్రం, తిరుగు బస్సు ఎన్ఏడీ దగ్గర అరగంట ఆగిపోయింది. రెండు కాళ్ళూ రాళ్ళయ్యాయి. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదీ ఇరవై. ఆమె కిటికీ చువ్వలకు ముఖం ఆనించి పైకి చూసింది.

మేడ ఖాళీగా ఉంది. పిట్టగోడ మీద ఒక్క చెయ్యి లేదు.

మొదట వచ్చిన ఆలోచన రత్నం మీదికే పోయింది. అంతా ఆవిడలోనే ఉండిపోయిందా? లేక అతని మీద మీట తిప్పినప్పుడు తనే ఎక్కడో పొరపాటు చేసి, ఈ ఇంటిది కూడా తుడిచేసిందా? బస్సు మెట్లు దిగుతుంటే కాలు తడబడింది. ఎవరో మోచెయ్యి పట్టుకుని ఆపారు.

కామేశ్.

"ఇక్కడేం చేస్తున్నావు?" అంది ఆమె. ఎందుకో గొంతులో కోపం పలికింది.

"కాళ్ళు పైకే లాగాయి. సగం మెట్లు ఎక్కాను కూడా. బలవంతంగా ఆపుకుని కిందికొచ్చాను."

"ఎందుకు?"

"పైన నిలబడితే, ఇది అలవాటా కాదా అని మళ్ళీ నీ గీతల్లో వెతుకుతావు." అతను ఆమె సంచి అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. అతని ముఖంలోకి తేరిపారా చూసింది. అతను తల దించుకోవాలనుకున్నాడు, దించుకోలేదు.

"వచ్చి ఎంతసేపైంది?"

"ఇప్పుడే."

అతని చేతిలో ఉడకబెట్టిన పల్లీల పొట్లం ఉంది. ఇద్దరికీ కొని ఉంటాడు. ఆమె అందుకుని విప్పి చూసింది. అడుగున తడి కాగితం, నాలుగు తొక్కలు తప్ప ఒక్క గింజ కూడా మిగల్లేదు.